మనది ఏ డివిజన్?

2025 జూలైలో ఒక ఆదివారం. అమీర్‌పేటలో మా పిన్ని వాళ్లింట్లో భోజనాల బల్ల నిండా కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. మా చెల్లెలికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఆదాయ ధ్రువపత్రం కావాలి. మీసేవ దరఖాస్తులో 'మండలం' అని ఒక గడి ఉంది. అక్కడ ఆగిపోయాం.

"సిటీలో మండలం ఎక్కడిదిరా? మండలాలు ఊళ్లలో కదా ఉండేది" అంది పిన్ని. "అయినా కార్పొరేటర్ గారి చేత సంతకం పెట్టిస్తే సరిపోదా? మన డివిజనే కదా."

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బల్ల మీదున్న కాగితాలు ఒక్కొక్కటీ చూస్తే ఆ ఇల్లు ఎన్ని చోట్ల ఉందో అర్థమైంది. ఓటరు కార్డు ప్రకారం సనత్‌నగర్ నియోజకవర్గం. లోక్‌సభకు సికింద్రాబాద్. ఆస్తి పన్ను రసీదు మీద సర్కిల్ పేరు, పీటీఐఎన్ నంబరు. నల్లా బిల్లు మీద క్యాన్ నంబరు, కరెంటు బిల్లు మీద యూఎస్‌సీ నంబరు. గేటు మీద ఇంటి నంబరు 7-1తో మొదలవుతుంది. ఆ 7 పాత మున్సిపల్ వార్డు, 1 ఆ వార్డులోని బ్లాకు. ఆ వార్డుకూ, మనం కార్పొరేటర్‌ను ఎన్నుకునే వార్డుకూ సంబంధం లేదు. హైదరాబాద్ పాత ఇళ్ల నంబర్లన్నీ ఇలా రద్దయిపోయిన వార్డులనే ఇంకా మోస్తున్నాయి.

ఇక 'డివిజన్' అనే మాట. మన నగరంలో కార్పొరేటర్ వార్డును జనం డివిజన్ అంటారు. నీళ్లు సరఫరా చేసే జలమండలికి డివిజన్లు వేరే ఉన్నాయి. కరెంటు వాళ్ల డివిజన్ ఇంకొకటి, పోలీసులది మరొకటి. ఆర్డీవో చూసేది రెవెన్యూ డివిజన్. అన్నిటికీ మాట ఒకటే, గీతలు మాత్రం వేరువేరు. "మాది ఫలానా డివిజన్" అని ఫోన్‌లో చెప్తే అవతలి మనిషి "అది మాది కాదండీ" అనడానికి సగం కారణం ఇదే.

ఈ ముడి విడిపోవాలంటే మూడు పోగులు వేరు చేసుకోవాలి. ఒకటి, కలెక్టర్ నుంచి తహసీల్దార్ దాకా దిగివచ్చే రెవెన్యూ పాలన. రెండోది, మనం ఓటేసి పంపే స్థానిక సంస్థ. మూడోది, నీళ్లకో, ప్లానింగ్‌కో ప్రభుత్వం పెట్టిన ప్రత్యేక బోర్డులు. మన దేశంలో ఏ ఊరికి వెళ్లినా ఈ మూడూ ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉంటాయి. మన దగ్గర పేర్లు కూడా కలిసిపోవడంతో చిక్కు ఎక్కువైంది.

పిన్ని అడిగిన మండలం సంగతితో మొదలుపెడతాను. మండలం అనేది 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన ఏర్పాటు. అంతకుముందు రెవెన్యూకి తాలూకా, అభివృద్ధి పనులకు పంచాయతీ సమితి ఉండేవి. తాలూకాలు మరీ పెద్దవని, తహసీల్ ఆఫీసుకు వెళ్లి రావడానికి ఒక రోజు పనిపోతోందని, వాటిని చిన్న చిన్న మండలాలుగా చేశారు. 1986లో చట్టం చేసి సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు పెట్టారు. దాంతో పల్లెల్లో మండలం అంటే ఒకే పేరుతో రెండు కొలువులయ్యాయి. మండల కేంద్రంలో తహసీల్దార్ ఆఫీసు ఒకటి. దాన్ని జనం ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసు అనే అంటారు. భూమి రికార్డులు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అక్కడ. మండల పరిషత్ ఆఫీసు ఇంకొకటి. అక్కడ అభివృద్ధి పనులు చూసే అధికారి ఎంపీడీవో ఉంటారు, ఎన్నికైన అధ్యక్షులు ఎంపీపీ ఉంటారు.

నగరంలో ఈ రెండింటిలో మొదటిదే ఉంది. హైదరాబాద్ జిల్లాలో 16 మండలాలున్నాయి, అమీర్‌పేట వాటిలో ఒకటి. తహసీల్దార్ ఉంటారు. మండల పరిషత్ ఉండదు, ఎందుకంటే ఇక్కడ గ్రామాలు లేవు, ఆ పని కార్పొరేషన్‌ది. పిన్ని పుట్టింటి ఊరు షాద్‌నగర్ దగ్గర. అక్కడ మండలం అంటే ఓట్లు, మైకులు, ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యుల) పోటీలు. ఆ లెక్కన సిటీలో మండలం లేదనుకోవడం సహజమే. ఆదాయ ధ్రువపత్రం ఇచ్చేది తహసీల్దార్, కార్పొరేటర్ సంతకంతో దానికి పని లేదు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ అయితే కార్పొరేషన్ ఇస్తుంది.

షాద్‌నగర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. దేశంలో పంచాయతీరాజ్‌ను మొదట 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ ప్రారంభించారు. రెండేళ్ల ముందు బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ ఊరు, బ్లాకు, జిల్లా అనే మూడంచెలు ఉండాలని చెప్పింది. రాజస్థాన్ తర్వాత ఆ బాట పట్టింది మన ఆంధ్రప్రదేశే. ఆ అక్టోబర్‌లోనే నెహ్రూ షాద్‌నగర్‌కు వచ్చి ఇక్కడ కూడా ప్రారంభించారు. మా తాతయ్య బతికున్నన్నాళ్లూ ఎంపీపీని 'సమితి ప్రెసిడెంట్' అనే పిలిచేవారు. సమితులు పోయి పాతికేళ్లయినా ఆయన నోట ఆ మాట పోలేదు.

అప్పట్లో ఎన్నికలు పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా రాష్ట్రాల ఇష్టం. రాజ్యాంగంలోని 40వ అధికరణం గ్రామ పంచాయతీలు ఏర్పాటు చేయాలని ఒక ఆదేశిక సూత్రంగా చెప్పి ఊరుకుంది. దాన్ని కోర్టులో అడిగి సాధించుకునే వీలు లేదు. 1992లో 73, 74 రాజ్యాంగ సవరణలు వచ్చాయి. మొదటిది 1993 ఏప్రిల్ 24 నుంచి గ్రామాలకు, రెండోది 1993 జూన్ 1 నుంచి పట్టణాలకు అమల్లోకి వచ్చాయి. ఐదేళ్లకు మించి ఏ సంస్థా కొనసాగకూడదు. గడువు తీరేలోగా ఎన్నికలు పెట్టాలి, మధ్యలో రద్దయితే ఆరు నెలల్లోపు పెట్టాలి. ఎన్నికలు నిర్వహించడానికి ప్రతి రాష్ట్రంలో ప్రత్యేకంగా ఒక రాష్ట్ర ఎన్నికల సంఘం ఉండాలి. అసెంబ్లీ ఎన్నికలు పెట్టే కేంద్ర ఎన్నికల సంఘం వేరు, ఇది వేరు. ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లు ఉండాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మహిళల వాటాను సగానికి పెంచుకున్నాం.

అయినా దేశమంతా ఒకే మూసలో లేదు. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోని అంశం. అందుకే మనం మండల పరిషత్ అనేదాన్ని కేరళలో బ్లాక్ పంచాయతీ అంటారు, కర్ణాటకలో తాలూకు పంచాయతీ, ఉత్తరప్రదేశ్‌లో క్షేత్ర పంచాయతీ. 20 లక్షలకు మించని జనాభా ఉన్న రాష్ట్రాలు ఈ మధ్య అంచె లేకుండానే నడుపుకోవచ్చు. నాగాలాండ్, మేఘాలయ, మిజోరంలకు 73వ సవరణే వర్తించదు. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన స్నేహితుడు 'మా ఊళ్లో ఇలా లేదు' అంటే అతను చెప్పేది నిజమే కావచ్చు.

తెలంగాణ పల్లెలో ఉన్న ఓటరు ఎన్ని ఓట్లు వేస్తారో లెక్కపెట్టి చూడండి. వార్డు సభ్యుడు, సర్పంచ్, ఎంపీటీసీ, జడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యుడు), ఎమ్మెల్యే, ఎంపీ. మొత్తం ఆరు. మొదటి రెండూ పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలకు పార్టీ గుర్తులుంటాయి. సర్పంచ్‌ను ఊరు నేరుగా ఎన్నుకుంటుంది. ఎంపీపీని మాత్రం ఎంపీటీసీలు, జడ్పీ చైర్‌పర్సన్‌ను జడ్పీటీసీలు ఎన్నుకుంటారు. గెలిచినవాళ్లను బస్సుల్లో ఎక్కించి రిసార్టులకు తరలించే క్యాంపు రాజకీయాలకు మూలం ఈ పరోక్ష ఎన్నికే.

నగరంలో ఉన్న మా పిన్ని వేసేది మూడే. ఎంపీ, ఎమ్మెల్యే, కార్పొరేటర్. ఇందులో స్థానిక పాలన కోసం వేసేది ఒక్కటే ఒక్కటి. ఊరి నుంచి సిటీకి మారిన మనిషి చేతిలో మూడు ఓట్లు తగ్గిపోయాయని ఎవరూ చెప్పరు, నేనూ ఆ రోజు లెక్క వేసేదాకా గమనించలేదు.

పైగా ఆ ఒక్క ఓటు విలువ కూడా పలచబడింది. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తెలంగాణలో ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. ఐదారు వందల మంది ఉన్న తండాకూ ఒక సర్పంచ్ ఉన్నారు. రాత్రి వీధి దీపం వెలగకపోతే తలుపు తట్టి అడగొచ్చు. హైదరాబాద్ కార్పొరేషన్ జనాభా 2011 లెక్కల ప్రకారమే 67 లక్షలు దాటింది. 2020 ఎన్నికల నాటి 150 వార్డులతో భాగిస్తే ఒక్కో కార్పొరేటర్‌కు దాదాపు 45 వేల మంది. ఆ తర్వాత నగరం ఎంత పెరిగిందో మన కళ్ల ముందే ఉంది.

ఈ నగరం మున్సిపల్ చరిత్ర చాలా పాతది. 1869లో మొదటి సాలార్‌జంగ్ కాలంలో మున్సిపల్ పాలన మొదలైంది. మూసీకి ఉత్తరాన చాదర్‌ఘాట్ కొన్నాళ్లు విడి మున్సిపాలిటీగా నడిచింది. 1933లో దాన్ని హైదరాబాద్‌తో కలిపి కార్పొరేషన్ చేశారు. 1950లో సికింద్రాబాద్‌కు కూడా సొంత కార్పొరేషన్ వచ్చింది, 1960లో రెండూ ఒకటయ్యాయి. 2007 ఏప్రిల్ 16న చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) అన్నారు. కూకట్‌పల్లి, ఎల్బీ నగర్, శేరిలింగంపల్లి అప్పుడు కలిసినవే. 2020 ఎన్నికల నాటికి 150 వార్డులు, వాటిపైన 30 సర్కిళ్లు, ఆపైన 6 జోన్లు. వార్డు ఓట్ల కోసం గీసింది. సర్కిల్, జోన్ ఆఫీసు పని కోసం గీసినవి, వాటికి ఎన్నికైన నాయకులు ఎవరూ ఉండరు. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్ పరిసరాల్లోని మరో 27 పురపాలక సంస్థలను కలిపేశారు.

మణికొండను చూస్తే ఈ కలపడం అంటే ఏమిటో తెలుస్తుంది. 2018 దాకా అది గ్రామ పంచాయతీ, ఒక సర్పంచ్ ఉండేవారు. 2018లో మున్సిపాలిటీ అయింది, 2020లో కౌన్సిలర్లు, చైర్మన్ వచ్చారు. 2025లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఎనిమిదేళ్లలోపే ఒకే ఫ్లాట్‌లో ఉన్న కుటుంబం గ్రామస్థులు, పట్టణవాసులు, మహానగరవాసులు అయ్యారు. ఇల్లు కదల్లేదు, వర్తించే చట్టం మాత్రం మారుతూ వచ్చింది. మొదట పంచాయతీరాజ్ చట్టం, తర్వాత 2019 మున్సిపాలిటీల చట్టం, ఆపైన జీహెచ్‌ఎంసీకి ఉన్న 1955 నాటి ప్రత్యేక చట్టం. ఇలా కలుపుతూ పోవడంతో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా పూర్తిగా పట్టణమైంది. హైదరాబాద్‌లాగే అక్కడ కూడా ఇప్పుడు జిల్లా పరిషత్ లేదు. రాష్ట్రంలో 33 జిల్లాలున్నా జిల్లా పరిషత్తులు 31 మాత్రమే.

జీహెచ్‌ఎంసీ లోపల అధికారం ఎక్కడుందన్నది అసలు ప్రశ్న. చట్టం ప్రకారం కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్ అని మూడు అధికార స్థానాలు. కార్పొరేటర్లంతా కూర్చునేది కౌన్సిల్. అందులోంచి ఎన్నికైన 15 మంది స్టాండింగ్ కమిటీ. కమిషనర్ రాష్ట్ర ప్రభుత్వం పంపే ఐఏఎస్ అధికారి. పనులు చేయించే అధికారం, సిబ్బంది, రోజువారీ ఖర్చు అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు. 2002లో హైదరాబాద్ మేయర్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకున్నారు. ఇప్పుడు కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కూడా మేయర్ ఎన్నికలో ఓటేస్తారు. అంటే మనం కార్పొరేటర్లుగా ఎన్నుకోని వాళ్ల చేయి కూడా ఆ ఎన్నికలో పడుతుంది. ఇది నాకు ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు.

మూడో పోగు ఇక్కడే బిగుసుకుంటుంది. 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలు చేయదగ్గ 18 పనులున్నాయి. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, రోడ్లు, పారిశుధ్యం అన్నీ అందులో ఉన్నాయి. కానీ హైదరాబాద్‌లో నీళ్లు, మురుగునీరు చూసేది 1989 చట్టంతో ఏర్పడిన జలమండలి. నగర విస్తరణ, మాస్టర్ ప్లాన్ చూసేది 2008లో హుడా స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏ. రెండింటికీ చైర్మన్ ముఖ్యమంత్రే. చెరువుల ఆక్రమణలు, విపత్తుల కోసం 2024లో హైడ్రా వచ్చింది. కరెంటు పంపిణీ సంస్థ వేరు, ట్రాఫిక్ పోలీసులు వేరు. మ్యాన్‌హోల్ పొంగితే మనం మొదట తిట్టుకునేది కార్పొరేటర్‌ని, కానీ ఆ మ్యాన్‌హోల్ ఆయన సభ కిందికి రాదు.

రాజ్యాంగం పనులు రాసి మరీ ఇస్తే ఇలా ఎలా జరిగింది? దీనికి కారణం ఒక క్రియాపదం. ఎన్నికల గురించి రాసిన చోట రాజ్యాంగం 'జరపాలి' అంది. పనులు, అధికారాలు అప్పగించడం గురించి రాసిన 243డబ్ల్యూ అధికరణంలో మాత్రం రాష్ట్ర శాసనసభ చట్టం చేసి 'ఇవ్వవచ్చు' అంది. పంచాయతీలకు 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి, వాటి సంగతీ ఇంతే. కుర్చీకి హామీ దొరికింది, కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం చేయాలన్నది మాత్రం రాష్ట్రం దయకు వదిలేశారు. స్థానిక పాలనలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ 'వచ్చు'.

ఈ మూడు పోగుల్లో దేనికీ పూర్తిగా లొంగని చోటు ఒకటుంది. న్యూ బోయిన్‌పల్లి, కార్ఖానా, తిరుమలగిరి వైపు వెళ్తే అక్కడ జీహెచ్‌ఎంసీ ఆగిపోయి సికింద్రాబాద్ కంటోన్మెంట్ మొదలవుతుంది. ఓల్డ్ బోయిన్‌పల్లి కార్పొరేషన్‌లో ఉంది, న్యూ బోయిన్‌పల్లి కంటోన్మెంట్‌లో ఉంది. అక్కడ ఆస్తి పన్ను కట్టేది, ఇంటి ప్లాన్‌కు అనుమతి అడిగేది కంటోన్మెంట్ బోర్డును. అది రక్షణ శాఖ కింద, 2006 నాటి కేంద్ర చట్టంతో నడుస్తుంది. అధ్యక్షుడు సైనికాధికారి. పౌరులు ఎన్నుకునే సభ్యులు ఎనిమిది మంది. చివరిసారి ఆ ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్‌కు తేదీ ప్రకటించి మళ్లీ రద్దు చేశారు. సివిలియన్ ప్రాంతాలను కార్పొరేషన్‌లో కలపాలన్న ఆలోచన కొన్నేళ్లుగా నలుగుతోంది. ఈలోగా లక్షల మంది తమ వీధికి ప్రతినిధి లేకుండానే రోజులు గడుపుతున్నారు.

ఖాళీ కుర్చీల కథ కంటోన్మెంట్‌తో ఆగదు. జీహెచ్‌ఎంసీకి ముందున్న పాత కార్పొరేషన్ ఎంసీహెచ్‌లో 1986లో ఎన్నికలు జరిగాక మళ్లీ జరిగింది 2002లో. సవరణ వచ్చి తొమ్మిదేళ్లయినా నగరం ప్రత్యేకాధికారి పాలనలోనే ఉంది. తెలంగాణ సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి 1న ముగిసింది, కొత్త ఎన్నికలు 2025 డిసెంబర్‌లో మూడు విడతలుగా జరిగాయి. మధ్యలో దాదాపు 22 నెలలు. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇవ్వాలన్న ప్రయత్నం ఒక కారణం. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, అందుకే హైకోర్టు 2025 అక్టోబర్‌లో ఆ 42 శాతం జీవోపై స్టే ఇచ్చింది. బీసీలకు న్యాయంగా వాటా దక్కాలన్నది సబబైన కోరిక. అయితే ఆ కోరిక తేలేదాకా ఊళ్లు ఆగాల్సి వచ్చింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోతాయి. ట్రాక్టర్ డీజిల్, బోరు మోటారు రిపేరు, బ్లీచింగ్ పౌడర్ లాంటివాటికి అక్కరకొచ్చే డబ్బు అదే. పంచాయతీ కార్యదర్శులు, వాళ్లలో చాలామంది చిన్న వయసు వాళ్లే, సొంత జేబులోంచి పెట్టుకున్నామని ఆ రోజుల్లో బాహాటంగా చెప్పుకున్నారు.

అయినా ఆ డిసెంబర్‌లో పల్లెల్లో పోలింగ్ 80 శాతం దాటింది. 2020 డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో మన నగరం సగం కూడా చేరలేదు. సిటీవాళ్లకు బాధ్యత లేదని తేల్చేయడం సులువు. నేను ఒప్పుకోను. తలుపు తట్టగలిగే దూరంలో మనిషి ఉండి, ఆ మనిషి చేతిలో పని ఉంటే జనం క్యూలో నిలబడతారు. 45 వేల మందికి ఒక్కరుండి, నీళ్లు ఒకరివి, రోడ్డు ఒకరిది, చెరువు ఇంకొకరిది అయితే ఆ ఓటు ఎందుకో అర్థంకాదు.

ఆ ఆదివారం మండలం గడిలో అమీర్‌పేట అని టైప్ చేశాం. పిన్ని పాత క్యాలెండర్ కాగితం వెనక నాలుగు ముక్కలు రాసుకుంది. సర్టిఫికెట్లకు ఎమ్మార్వో, నీళ్లకు జలమండలి, చెత్తకు, వీధి దీపాలకు వార్డు ఆఫీసు, కరెంటుకు కరెంటోళ్లు. దాన్ని ఫ్రిజ్‌కు అంటించింది.

చెల్లెలికి అప్పుడే పద్దెనిమిది నిండాయి. కొత్తగా వచ్చిన ఓటరు కార్డు పట్టుకుని, "అన్నయ్యా, దీంతో నేను మొదట వేసేది ఎవరి ఎన్నిక?" అని అడిగింది. వేళ్ల మీద లెక్కపెట్టాను. అసెంబ్లీ 2023లో అయిపోయింది, లోక్‌సభ 2024లో. 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన కౌన్సిల్‌కు ఐదేళ్లు 2026 ఫిబ్రవరితో నిండుతాయి.

"రాజ్యాంగం ప్రకారమైతే కార్పొరేటర్ ఎన్నికే" అన్నాను.